సంతోషం పద్దు

ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకు ఉద్యోగం చేసినవాడికి ఏ పుస్తకం తెరిచినా ముందు అంకెలే కనబడతాయి. రామాయణం చదివినా వానరసేన లెక్క దగ్గర ఆగిపోయే రకం నేను. బి.కాం. చదువు, ఆ పైన వోచర్లు, లెడ్జర్లు, ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు. ఇంతకు మించిన పాండిత్యం నాకు లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. అలాంటివాణ్ణి యూదుల మతం గురించి రాయబూనడం సాహసమే. కాని వాళ్ళ ధర్మశాస్త్రంలో నాకొక పద్దు కనబడింది. నేను చూసిన ఏ బడ్జెట్‌లోనూ అలాంటి పద్దు లేదు. అది సంతోషం పద్దు.

వాళ్ళు తోరా అని పిలిచే అయిదు గ్రంథాలలో చివరిది ద్వితీయోపదేశకాండము. తెలుగు బైబిలులోనూ ఉంది కనుక ఎవరైనా తీసి చూడవచ్చు. 14వ అధ్యాయంలో రైతుకు ఒక నియమం పెట్టారు. పండిన పంటలో పదోవంతు తీసి వేరుగా ఉంచాలి. దాన్ని దేవుడు ఏర్పరచుకున్న చోటికి, అంటే తరువాతి రోజుల్లో యెరూషలేముకు, తీసుకువెళ్ళాలి. ఎందుకు? గుడికి కట్టడానికి కాదు. లేవీయులకు, అంటే గుడి సేవలో ఉండే వంశం వారికి, ఇవ్వవలసిన పదోవంతు వేరే ఉంది. ఇది మాత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని తిని సంతోషించడానికి. దారి మరీ దూరమై ధాన్యం మోసుకుపోలేకపోతే దాన్ని వెండిగా మార్చుకుని, మూటగట్టుకుని వెళ్ళి, అక్కడ ఎద్దో, గొర్రెలో, ద్రాక్షారసమో, మనసు ఏది కోరితే అది కొనుక్కోవచ్చు. ఒక ఊళ్ళో జమ, ఇంకో ఊళ్ళో చెల్లింపు. మా భాషలో చెప్పాలంటే డిమాండు డ్రాఫ్టు. సొంతదారు తన పదోవంతును తానే వెండిగా మార్చుకుంటే దాని మీద అయిదోవంతు అదనంగా చేర్చాలి. ఏడేళ్ళ చక్రంలో మొదటి, రెండవ, నాలుగవ, అయిదవ ఏళ్ళలో ఈ పదోవంతు ఇంటివారి సంతోషానికి. మూడవ, ఆరవ ఏళ్ళలో అదే పదోవంతు బీదలకు. ఏడో ఏడు భూమికి విశ్రాంతి.

ఇంత పకడ్బందీగా లెక్క కట్టిన సంతోషాన్ని నేనెక్కడా చూడలేదు. సంతోషమంటే దానంతటది రావాలి కదా, దానికి నియమాలేమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ ప్రశ్న నాకు పుస్తకం చదివి పుట్టలేదు. 1998లో డోంగ్రీ వైపు ఒక పాత చాల్‌లో, ఒక చావు ఇంట్లో పుట్టింది.

అప్పట్లో నేను బొంబాయిలో మసీద్ బందర్ దగ్గరి ఒక బ్రాంచిలో ఉండేవాణ్ణి. మా హెడ్ క్యాషియర్ బెనె ఇస్రాయేలీ. ఇంటి భాష మరాఠీ. కట్టు, తిండి చూస్తే కొంకణస్థుడే అనుకోవాలి. తమ పూర్వీకులు దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట అలీబాగ్ దగ్గర నవ్‌గావ్ తీరంలో ఓడ పగిలి ఒడ్డుకు చేరారనీ, ఏడుగురు మగవాళ్ళు, ఏడుగురు ఆడవాళ్ళు మాత్రమే బతికారనీ వాళ్ళు చెప్పుకుంటారు. కొంకణ పల్లెల్లో గానుగ ఆడించి బతికారు. శనివారం మాత్రం గానుగ తిప్పేవారు కాదు. అందుకే చుట్టుపక్కల వాళ్ళు వాళ్ళను శనివార్ తేలీ అన్నారు. మా బ్రాంచికి కూతవేటు దూరంలోనే వాళ్ళ పాత సినగోగు ఉంది. 1796లో కట్టింది. బొంబాయిలో అన్నిటికన్నా పాతది అదే.

ఆ ఏడు దసరా వెళ్ళిన మర్నాడు, గాంధీ జయంతి సెలవునాడు, ఆయన తండ్రిగారి ఖననం జరిగింది. ఆదివారం ఉదయం బ్రాంచి వాళ్ళమంతా పరామర్శకు వెళ్ళాం. ఆయన నేల మీద కూర్చుని ఉన్నారు. చొక్కా గుండె దగ్గర చింపి ఉంది. గడ్డం గీసుకోలేదు. అద్దం మీద గుడ్డ కప్పారు. ఖననం నుంచి ఏడు రోజులు ఇలా కూర్చోవాలనీ, దాన్ని షివా అంటారనీ ఎవరో చెప్పారు. మనలాగే అనుకున్నాను.

మా ఆవిడ ఆదివారం రాలేకపోయింది. పెద్దావిడను చూడాలని అంటే సోమవారం సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. ఆయన తెల్లటి కొత్త చొక్కా తొడుక్కుని కుర్చీలో కూర్చున్నారు. గడ్డం లేదు. అద్దం మీద గుడ్డ లేదు. బల్ల మీద దుప్పటి పరిచి ఉంది. లోపలినుంచి పెద్దావిడ, భర్తను పోగొట్టుకుని నాలుగు రోజులైనా నిండని మనిషి, కొబ్బరిపాలతో చేసిన హల్వా పళ్ళెంలో పెట్టుకుని వచ్చారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ముందురోజు సూర్యాస్తమయంతో పర్ణశాలల పండుగ మొదలైందట. పండుగ వస్తే షివా అక్కడితో ఆగిపోతుంది. వాయిదా కాదు, రద్దే. మిగిలిన రోజులు పండుగ తరువాత కూర్చోవడం కూడా లేదు. "పోయింది మావారు, తల్లీ. పండుగ అందరిదీ" అన్నారు పెద్దావిడ మా ఆవిడతో, మరాఠీలో.

తిరిగివస్తూ మా ఆవిడ, "పాపం, వీళ్ళకి ఏడవడానికి కూడా తీరిక ఇవ్వలేదు" అంది. లోకల్ బండి బైకలా దాటాక మళ్ళీ తనే, "హల్వా పెట్టేటప్పుడు ఆవిడ చెయ్యి వణకలేదు, చూశారా?" అంది.

పెద్దావిడ చెప్పిన ఆ ఒక్క మాటా శాస్త్రమేనని తరువాత చదివి తెలుసుకున్నాను. పండుగలో సంతోషించడం జనం అందరి మీదా ఉన్న ఆజ్ఞ, దుఃఖం ఒక మనిషి మీద ఉన్న విధి, అందరి మీద ఉన్నది ఒకరి మీద ఉన్నదాన్ని పక్కకు జరుపుతుంది అని తాల్ముదులో తేల్చారు. అలాగని దుఃఖానికి విలువ లేదనుకోకూడదు. తల్లిగాని తండ్రిగాని పోతే పన్నెండు నెలలు పాటకచ్చేరీలకు, విందు వినోదాలకు వెళ్ళరు. మరణించినవారి కోసం రోజూ ప్రార్థన చెబుతారు. కాని ఆ పన్నెండు నెలల్లోనూ పండుగను వదిలెయ్యడానికి వీల్లేదు.

మన పద్ధతి ఇందుకు ఎదురు. పదమూడో రోజున శుభస్వీకారం అయినా, ఇంట్లో పెద్దవాళ్ళు పోతే ఏడాది తిరిగేదాకా పండుగలు లేవు. గుమ్మానికి తోరణం ఉండదు, పిండివంట ఉండదు. ఇందులోనూ ఒక దయ ఉంది. నవ్వలేనివాణ్ణి నవ్వమని ఎవరూ బలవంతం చెయ్యరు. నేను దాన్ని తప్పు పట్టడం లేదు.

2021 వేసవిలో మా ఆవిడ పోయింది. ఆ ఏడాది మా ఇంట్లో పండుగలు లేవు. సంవత్సరీకం అయింది. ఆ తరువాత వచ్చిన దసరాకూ ఏమీ చెయ్యలేదు. దీపావళికీ లేదు. 2023 ఉగాదికి పుణె నుంచి మా అమ్మాయి ఫోను చేసి, "నాన్నా, ఈసారైనా నాలుగు మామిడాకులు కట్టండి" అంది. సరేనన్నాను గాని కట్టలేదు. అభ్యంతరం చెప్పే ఆచారం ఏదీ అప్పటికి మిగల్లేదు. పండుగ చేసుకోవచ్చు అని నాకు అనుమతి వచ్చేసింది. చేసుకుని తీరాలి అని మాత్రం ఎవరూ ఆజ్ఞ వెయ్యలేదు. బ్యాంకులో ఇలాంటి ఖాతాలు చూస్తూంటాం. అప్పు మంజూరై ఉంటుంది, పార్టీ వచ్చి డబ్బు తీసుకోడు. కాగితం ఫైల్లో ఉండిపోతుంది.

ఆ రోజుల్లోనే ఆ పెద్దావిడ హల్వా పళ్ళెం గుర్తుకొచ్చి, వీళ్ళ శాస్త్రం ఏమంటుందో అని చదవడం మొదలుపెట్టాను. మనసులో లేని సంతోషాన్ని ఆజ్ఞాపిస్తే నటనే కదా అనే అనుమానం నాకు బలంగా ఉండేది. దానికి జవాబు మైమొనిడీస్ దగ్గర దొరికింది. ఆయన 1138లో స్పెయిన్‌లోని కొర్దోబాలో పుట్టి, ఈజిప్టులో స్థిరపడి, 1204లో కాలం చేసిన వైద్యుడు, పండితుడు. యూదుల విధులన్నిటినీ 14 భాగాల స్మృతిగా క్రోడీకరించాడు. అందులో పండుగ సంతోషం దగ్గరికి వచ్చేసరికి మనసు మాట ఒక ముక్కలో అని, చేతల్లోకి దిగుతాడు. పిల్లలకు వేయించిన గింజలు, పప్పులు, తీపి పెట్టాలి. ఇంటి ఆడవాళ్ళకు తాహతుకు తగిన బట్టలు, నగలు కొనాలి. మగవాళ్ళకు మాంసం, ద్రాక్షారసం. అక్కడితో ఆపకుండా, వాకిలి గడియ వేసుకుని పెళ్ళాంపిల్లలతో తిని తాగి, బీదవాళ్ళకు పెట్టనివాడిది ఆజ్ఞ పాటించిన సంతోషం కాదు, వాడి పొట్ట సంతోషం అని తేల్చేస్తాడు.

అంటే శాస్త్రం అడిగేది నీకు సంతోషంగా ఉందా అని కాదు. నీవల్ల ఎవరు సంతోషించారు అని. అది ఆజ్ఞాపించగలిగిన విషయమే. గింజలు వేయించమనవచ్చు, తలుపు తీసిపెట్టమనవచ్చు. దానికి నటన అక్కరలేదు. మనసు వెనకాల వస్తే వస్తుంది. పూరీం పండుగ దగ్గరా ఆయన ఇలాగే రాశాడు. సొంత విందుకు, ఇచ్చుకునే కానుకలకు పెట్టే ఖర్చుకన్నా బీదలకు ఇచ్చేదాని మీద ఎక్కువ పెట్టడం మేలట.

ఇదంతా సుఖంగా ఉన్నవాడు రాసిన మాటా అంటే కాదు. ఆ గ్రంథానికి సుమారు పదేళ్ళు పట్టింది. దాదాపు ఆ కాలంలోనే ఆయన తమ్ముడు దావీదు, రత్నాల వర్తకుడు, వ్యాపారం మీద మన హిందూ మహాసముద్రంలో ప్రయాణిస్తూ మునిగిపోయాడు. ఇంటిని పోషించేది ఆ తమ్ముడే. అతనితో పాటు తనదీ, ఇతరులదీ డబ్బు కూడా పోయింది. మైమొనిడీస్ ఏడాదిపాటు జ్వరంతో మంచం పట్టాడు. ఎనిమిదేళ్ళ తరువాత కూడా ఓదార్పు లేదని ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఏడాదితో తీరని దుఃఖం ఉన్న మనిషే పిల్లలకు వేయించిన గింజలు పెట్టమన్నాడు. ఈ సంగతి చదివిన రాత్రి నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను.

తలుపు మాట వచ్చింది కనుక ఇంకొకటి చెప్పాలి. బెనె ఇస్రాయేలీలు ప్రాయశ్చిత్త దినాన్ని, అంటే యోం కిప్పూర్‌ను, వెనకటి రోజుల్లో దార్ ఫాళ్నీచా సణ్ అనేవారు. తలుపులు మూసే పండుగ అని అర్థం. ఉపవాసం ఉండి ఇంట్లోనే గడిపేవారు. అది అయిన అయిదో రోజున పర్ణశాలల పండుగ. దానికి పందిరి కట్టాలి. పైన ఆకులు, మట్టలు మాత్రమే వెయ్యాలి. ఏడు రోజులు భోజనాలు అక్కడే. ఏడవడానికి తలుపు మూసుకోవచ్చు గాని సంతోషించడానికి మూసుకోకూడదని నాకు ఈ రెండు పండుగల వరసలో అర్థమైంది.

ఎవరెవరిని పిలవాలో కూడా ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయంలో జాబితా ఇచ్చారు. నీవు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రి లేని బిడ్డ, విధవరాలు. 'నీవు' కాక ఎనిమిది మంది. పదకొండో శతాబ్దంలో ఫ్రాన్సులో ఉన్న రషీ అనే వ్యాఖ్యాత దీన్ని ఖాతా పుస్తకంలా రెండు వైపులా వేశాడు. కొడుకు, కూతురు, దాసుడు, దాసి నీవాళ్ళు నలుగురు. లేవీయుడు, పరదేశి, అనాథ, విధవ దేవుడివాళ్ళు నలుగురు. నావాళ్ళను నువ్వు సంతోషపెడితే నీవాళ్ళను నేను సంతోషపెడతానని దేవుడి మాటగా చెప్పాడు. జమకు ఖర్చు సరిపోయింది.

ఆడిటరు కన్నుతో చూస్తే ఆ జాబితాలో ఒకరు లేరు. భార్య లేదు. కొందరు వ్యాఖ్యాతలు దీనికి సమాధానం చెప్పారు. 'నీవు' అన్న మాటలోనే భార్య చేరి ఉందట, ఆమెకు వేరే పద్దు అక్కరలేదట. భార్య పోయినవాడు ఈ వాక్యం చదివితే ఎలా ఉంటుందో నేను వివరించబోవడం లేదు.

ఈ సంతోషం కళ్ళు మూసుకున్న సంతోషం కూడా కాదు. పెళ్ళిలో వరుడు గాజుగ్లాసు కాలికింద వేసి పగలగొడతాడు. రోమనులు 70లో కూల్చిన యెరూషలేము ఆలయం ఆ క్షణంలో జ్ఞాపకం రావాలని. పర్ణశాలల పండుగ వారంలో చాలా సమాజాలలో చదివేది, అంతా వ్యర్థమని చెప్పే ప్రసంగి గ్రంథం. పస్కా రాత్రి ఈజిప్టు నుంచి విడుదలైన కథ చెప్పుకుంటూ, ఈజిప్టువారి మీద పడిన పది తెగుళ్ళ పేర్లు చదివేటప్పుడు, ఒక్కో పేరుకు ఒక్కో చుక్క ద్రాక్షారసం గిన్నెలోంచి తీసేస్తారు. శత్రువు బాధపడ్డాడు కనుక మన గిన్నె నిండుగా ఉండకూడదని దానికి చెప్పే అర్థం. సముద్రంలో ఈజిప్టు సైన్యం మునిగినప్పుడు దేవదూతలు పాడబోతే, నా చేతితో చేసినవాళ్ళు మునిగిపోతున్నారు, పాటేమిటని దేవుడు వారించాడని తాల్ముదులో కథ ఉంది.

మన కాలంలోనే ఈ నియమానికి గట్టి పరీక్ష వచ్చింది. తోరా పారాయణం ఏడాదికోసారి పూర్తి చేసి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటూ, ఆ చుట్టలను ఎత్తుకుని ఆడే పండుగ సిమ్హత్ తోరా. సిమ్హా అంటేనే సంతోషం. 2023లో ఇజ్రాయెల్‌లో ఆ పండుగ అక్టోబరు 7న వచ్చింది. ఆ ఉదయమే హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు. తరువాతి యుద్ధంలో గాజాలో పదుల వేల మంది ప్రాణాలు పోయాయి. వాళ్ళలో పిల్లలు ఎందరో. 2024లో పండుగ తిరిగి వచ్చినప్పుడు ఆడాలా వద్దా అని లోకంలోని అనేక యూదు సమాజాలు మథనపడ్డాయి. ఆడినవాళ్ళు చాలాచోట్ల ఏడుస్తూనే ఆడారు. గాజా పిల్లల కోసం గిన్నెలోంచి ఎన్ని చుక్కలు తీయాలో చెప్పడానికి నేనెవరిని? కాని ఆ గిన్నె, ఆ నియమం వాళ్ళ ఇంట్లోవే. ఎవరో బయటివాళ్ళు తెచ్చి పెట్టినవి కావు.

సొంత గ్రంథాలు, గురువులు అందుబాటులో లేకుండా బెనె ఇస్రాయేలీలు ఎన్నో తరాలు గడిపారు. శనివారపు విశ్రాంతి, కొన్ని పండుగలు, ఒక చిన్న ప్రార్థన, ఇవే వాళ్ళను వాళ్ళుగా నిలిపాయి. పూరీంను హోళీచా సణ్ అని పిలుచుకున్నారు. మొక్కు తీరినా, పెళ్ళి కుదిరినా, కొత్త ఇల్లు చేరినా మలిదా చేస్తారు. తడిపిన అటుకులలో కొబ్బరికోరు, చక్కెర, ఏలకులు కలిపి, పళ్ళు పెట్టి, ఏలీయా ప్రవక్తను తలచుకుని, వచ్చినవాళ్ళందరికీ పంచుతారు. 1948 తరువాత ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. మా హెడ్ క్యాషియర్ కూడా రిటైరయ్యాక కొడుకు దగ్గరికి అష్దోద్ వెళ్ళారు. ఉన్నవాళ్ళను 2016లో మహారాష్ట్ర ప్రభుత్వం అల్పసంఖ్యాకులుగా గుర్తించింది. మన తెలుగువాళ్ళలోనూ, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, బెనె ఎఫ్రాయిం అనే కుటుంబాలు 1990ల తొలినాళ్ళలో సినగోగు కట్టుకుని ఈ పండుగలే చేసుకుంటున్నాయి.

సొంత ఊరు వదిలి తరాలు గడిచిన మనబోటివాళ్ళకు ఇందులో తెలియనిదేమీ లేదు. మా తాతగారు బొంబాయి వచ్చేటప్పుడు తెచ్చిన సామానులో ఇప్పుడు ఒక్కటీ లేదు. ఉగాది పచ్చడి ఉంది. దాన్ని ఒక ఇంట్లో ఆపేస్తే ఆ ఇంటికే నష్టం అనుకుంటాం. ఆ ఇంటినుంచి పచ్చడి అందవలసిన వాళ్ళు కూడా ఉన్నారని అనుకోం.

2024 ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. మరాఠీవాళ్ళకు అదే రోజు గుఢీ పాడ్వా. మాటుంగా మార్కెట్లో వేపపువ్వు దొరికింది. పచ్చడి చేసే కొలతలు అమ్మాయి ఫోనులో చెప్పింది. మామిడాకులు కట్టి, వాకిలి తీసిపెట్టాను. మా అంతస్తులోనే ఉండే మరాఠీ ఆవిడ వచ్చింది, ఆమె భర్త పోయి ఆరేళ్ళు. బీహారు నుంచి వచ్చిన వాచ్‌మన్ వచ్చాడు. పనిచేసే అమ్మాయి, తండ్రి లేని తన పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లవాడికి వేయించిన వేరుసెనగలు, బెల్లం పెట్టాను. అమ్మాయి, అబ్బాయి ఫోన్లలో ఉన్నారు. దాసుడు అనదగ్గవాడు ఇంట్లో నేనొక్కణ్ణే. లేవీయుడు మా బిల్డింగులో లేడు. మిగతా లెక్క సరిపోయింది.

నా మనసు సంతోషంగా ఉందా అని ఎవరూ అడగలేదు. అందరూ వెళ్ళాక గిన్నెలో రెండు చెంచాల పచ్చడి మిగిలింది. ఒకటి నాది, ఒకటి ఆవిడది. రెండూ నేనే తిన్నాను.